టెక్ సందేహాలు: లెన్స్ మీది అంకెలు ఏం చెబుతాయి?

ప్రశ్న: నా కానన్ డీఎస్ఎల్ఆర్‌తో వచ్చిన లెన్స్ మీద ‘18-55 ఎంఎం 1:3.5-5.6 ఐఎస్’ అని ఉంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో పగలు తీసిన ఫొటోలు బాగున్నాయి. పొద్దుగూకాక తీసినవన్నీ అలికేసినట్టు వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో 55-250 లెన్స్ దొరుకుతోంది. తీసుకోమంటారా?
- ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: తీర్థం కోసమైతే వద్దండీ. చాలామంది ఎంఎం అంకె చూసి లెన్స్ కొనేస్తారు. అది ఎంత దూరం లాగుతుందో మాత్రమే చెబుతుంది. చీకటి పడ్డాక అక్కరకొచ్చేది ‘1:’ తర్వాతి అంకె. ఫోకల్ లెంగ్త్‌ను, అంటే ఆ ఎంఎం అంకెను, దాంతో భాగిస్తే వెలుతురు లోపలికొచ్చే దారి వెడల్పు తెలుస్తుంది. 55ను 5.6తో భాగించండి, 10 ఎంఎం కూడా రాదు. అదే 50 ఎంఎం 1:1.8 లెన్స్‌లో దాదాపు 28 వస్తుంది. అంకె చిన్నదైన కొద్దీ వెలుతురు ఎక్కువన్నమాట.

మీ లెన్స్‌కు 18 దగ్గర 3.5 ఉంటుంది. జూమ్ చేస్తూ 55కు వెళ్లేసరికి 5.6 అవుతుంది. 1.8తో పోలిస్తే అక్కడ అందే వెలుతురు పదో వంతే. ఆ లోటు పూడ్చడానికి కెమెరా షటర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఈలోగా భుజాల మీది ప్రభ కదిలిపోతుంది. ఐఎస్ ఉన్నా ఇక్కడ లాభం లేదు. అది మీ చేతి వణుకును సర్దుతుందే గానీ ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు. నికాన్ వీఆర్, సోనీ ఓఎస్ఎస్ చేసే పనీ ఇదే.

55-250లోనూ చివర 5.6కే వస్తుంది. పగటిపూట కోరింగలో పక్షులకైతే నిక్షేపంగా కొనుక్కోవచ్చు. తీర్థానికి నా ఓటు 50 ఎంఎం 1:1.8 ఎస్‌టీఎంకే. జూమ్ ఉండదు, ముందుకూ వెనక్కూ మీరే నడవాలి. జనంలో అది కష్టమే, అయినా ఫొటోలు చూశాక బాధపడరు. ఎస్‌టీఎం అంటే స్టెప్పింగ్ మోటార్. వీడియో తీసేటప్పుడు ఫోకస్ చప్పుడు పెద్దగా వినపడదు.

లెన్స్ మీద అడ్డగీత కొట్టిన సున్నా పక్కన 58 అనో 49 అనో ఉంటుంది. అది లెన్స్ ముందు బిగించే ఫిల్టర్ సైజు. మీ పాత ఫిల్టర్ 58దైతే 49 ఉన్న ఈ 50 ఎంఎం లెన్స్‌కు పట్టదు.

పాత లెన్స్ ఏది కొన్నా వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. మన డెల్టా చెమ్మకు అద్దాల మధ్య ఫంగస్ పడుతుంది. సన్నటి వేళ్లలాంటి పోగులు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి.

ప్రశ్న: కానన్ డీఎస్ఎల్ఆర్ లెన్స్ బిగించే చోట ఎర్ర చుక్క, తెల్ల చదరం రెండూ ఉన్నాయి. దేనికి కలపాలి?
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: లెన్స్ మీద ఏ గుర్తుంటే దానికే. ఎర్ర చుక్క ఈఎఫ్ లెన్స్‌లది, తెల్ల చదరం ఈఎఫ్-ఎస్‌లది. రేపు ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉండే) డీఎస్ఎల్ఆర్‌కు మారితే అక్కడ ఎర్ర చుక్క ఒక్కటే ఉంటుంది. తెల్ల చదరం లెన్స్‌లు దానికి ఎక్కవు. మారే ఆలోచన ఉంటే ఇప్పటినుంచే ఎర్ర చుక్కవి కొనుక్కోండి.