చిట్టీ చేతికి రాకముందే అప్పు చేసి కంప్యూటర్ కొనవద్దు

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక ప్రైవేటు పాఠశాలలో గణితం చెబుతాను. జీతం నెలకు రూ.34,000. మే, జూన్ నెలల్లో సగమే ఇస్తారు. నా భార్యకు కుట్టుపని మీద నెలకు రూ.7,000 వరకు వస్తుంది. ఇంటి ఖర్చు రూ.27,000. లక్ష రూపాయల చిట్టీకి నెలకు రూ.5,000 కడుతున్నాను, ఈ ఫిబ్రవరితో కలిపి ఇంకా 9 వాయిదాలు ఉన్నాయి. బ్యాంకులో రూ.48,000 ఉంది. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరం చదువుతూ రోజూ ఇంటి నుంచే కాలేజీకి వెళ్లివస్తోంది. ఇంట్లో ఉన్నది నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్న పాత కంప్యూటర్. దానికి విండోస్ 11 ఎక్కదంటున్నారు. షాపులో ఐ7 14700ఎఫ్ ప్రాసెసర్, 32 జీబీ డీడీఆర్5 మెమరీ, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, కొత్త మానిటర్, యూపీఎస్ కలిపి రూ.1,68,000కు కొటేషన్ ఇచ్చారు. నాలుగేళ్ల దాకా మళ్లీ చూసుకోనక్కర్లేదని, మెమరీ ధర వచ్చే నెల ఇంకా పెరుగుతుందని చెప్పారు. నేను రూ.28,000 కట్టి, మిగతా రూ.1,40,000 ఒక యాప్‌లో 18 శాతం వడ్డీకి 36 నెలల వాయిదాలతో తీసుకుందామనుకుంటున్నాను. రుణం మంజూరైంది, అంగీకారం తెలపడమే మిగిలింది. పాఠాల వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెడితే వాయిదా అందులోంచే వెళ్లిపోతుందని ఆశ. ఈ ప్రాసెసర్, ఈ మెమరీ సరైనవేనా?

జవాబు: మీరు అడిగింది ప్రాసెసర్ గురించే అయినా, మీ లేఖ చదివిన తర్వాత నాకు భయం కలిగింది మాత్రం మే, జూన్ నెలల గురించి. పిల్లల చదువు పేరుతో ఒక వస్తువును ఒకేసారి, నాలుగేళ్లకు సరిపడేలా, అప్పు చేసి కొనాలనుకునే తల్లిదండ్రుల నుంచి ఇలాంటి లేఖలు తరచుగా వస్తుంటాయి. వాటిలో చాలా వరకు ఇంటి దగ్గర ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఉందా లేదా అనే మాటే ఉండదు. మీ లేఖలోనూ లేదు. అందుకే మీ లెక్కలన్నీ ఇక్కడ విప్పి చూపిస్తున్నాను.

రూ.1,40,000 అప్పుకు 18 శాతం వడ్డీతో 36 నెలలకు నెలవాయిదా సుమారు రూ.5,061 అవుతుంది. మొత్తం మీద రూ.42,196 వడ్డీ కడతారు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతమే అనుకున్నా, దాని మీద జీఎస్టీ కలిపి మరో రూ.3,304 ముందే పట్టుకుంటారు. వెరసి రూ.45,500. ఈ అంకెను గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మామూలు నెలల్లో మీ ఇద్దరి సంపాదన రూ.41,000, ఇంటి ఖర్చు, చిట్టీ కలిపి రూ.32,000. రూ.9,000 మిగులుతోంది కాబట్టి రూ.5,061 కట్టగలనని మీరు అనుకున్నారు. మే, జూన్ నెలల్లో ఇంటికి వచ్చేది రూ.24,000 మాత్రమే, కట్టవలసింది వాయిదాతో కలిపి రూ.37,061. నెలకు రూ.13,061 చొప్పున రెండు నెలల్లో రూ.26,122 తక్కువ పడుతుంది. రూ.28,000 షాపులో కట్టి, ఫీజు పోయాక ఖాతాలో మిగిలేది రూ.16,696. ఈ నెల నుంచే వాయిదా మొదలైతే ఏప్రిల్ ఆఖరుకు అది రూ.28,513కు చేరి, జూన్ ఆఖరుకు రూ.2,391కి పడిపోతుంది. ముగ్గురున్న ఇంటికి బడులు తెరిచే నెలలో చేతిలో ఉండే మొత్తం సొమ్ము అది. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమై కాలేజీ వారు ముందుగా మిమ్మల్నే కట్టమన్నా, ఇంట్లో ఒకరు మూడు రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చినా, మీరు మళ్లీ ఆ యాప్‌నే తెరుస్తారు. ఒక అప్పు వాయిదా కట్టడానికి ఇంకో అప్పు చేయడం అక్కడే మొదలవుతుంది. అటువంటి కుటుంబాలను నేను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూశాను, వారిలో ఎక్కువమంది మొదట చేసిన అప్పు పెద్దదేమీ కాదు.

అదే మీరు ఏ అప్పూ చేయకపోతే, జీతం సగమైన ఆ రెండు నెలలు నెలకు రూ.8,000 చొప్పున తరిగినా, జూన్ ఆఖరుకు మీ ఖాతాలో రూ.59,000 ఉంటుంది. పైగా ఈ కోత మీకు ఏటా వస్తుందని మీకు ముందే తెలుసు. 36 నెలల రుణం మూడు వేసవులను దాటాలి. జీతం పన్నెండు నెలలూ పూర్తిగా రాని ఉద్యోగంలో ఉన్నవారికి ఆరు నెలల ఖర్చు అత్యవసర నిధిగా ఉండటం తప్పనిసరి అని నేను పట్టుబడతాను. మీ విషయంలో అది రూ.1,62,000. అది సమకూరే వరకు ఇంట్లోకి వచ్చే ప్రతి పెద్ద వస్తువూ ఆ నిధి వెనుక వరుసలో నిలబడవలసిందే.

యూట్యూబ్ ఆదాయం సంగతి. వీడియోలకు ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, పన్నెండు నెలల్లో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. మీరు గణితం బాగా చెప్పగలవారే కావచ్చు, పాఠాలు తప్పకుండా చేయండి. కానీ ఇంకా మొదలే కాని ఆదాయాన్ని వచ్చే నెల వాయిదాకు ఎదురు రాసుకోకూడదు.

ఇక షాపువారి కొటేషన్. అందులో 14700 పక్కన ఉన్న ‘ఎఫ్’ అనే ఒక్క అక్షరం మీ ఖర్చును ఎంత పెంచిందో మీరు గమనించినట్టు లేదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టనిదే తెర మీద బొమ్మే రాదు. ఆ ప్రాసెసర్ ఎంచుకోవడంతోనే ఆర్‌టీఎక్స్ 4060 తప్పనిసరి అయింది. ఈ ప్రాసెసర్ పూర్తి వేగంతో పనిచేసేటప్పుడు 219 వాట్ల దాకా లాగుతుంది, కార్డు వాడకం దానికి అదనం. అందువల్ల పెద్ద ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె), పెద్ద యూపీఎస్ కూడా వచ్చి చేరాయి. ఇరవై కోర్లు (ఒకేసారి వేర్వేరు పనులు చేయగల భాగాలు) ఉన్న ఆ ప్రాసెసర్ మంచిదే. బీటెక్ మొదటి రెండేళ్లలో మీ అమ్మాయి రాసే సీ, పైథాన్, జావా ప్రోగ్రాములకు ఆ ఇరవైలో నాలుగు కోర్లకు మించి పని ఉండదు.

మరి ఎంత ఉంటే చాలు? ఐ5 12400, చివర ఎఫ్ లేనిది, ఆరు కోర్లతో ఈ ఇంటికి సరిపోతుంది. దానిలోనే గ్రాఫిక్స్ ఉంది కనుక విడిగా కార్డు అక్కర్లేదు. వీడియోలను కుదించే పనిని వేగంగా చేసే సదుపాయం కూడా ఆ గ్రాఫిక్స్ భాగంలోనే ఉంది కాబట్టి మీ పాఠాల ఎడిటింగ్‌కూ అదే చాలు. డీడీఆర్4 మెమరీ తీసుకునే హెచ్610 మదర్‌బోర్డు దీనికి చాలు. మెమరీ (ర్యామ్) 16 జీబీ ఉండాలి. ముందుముందు ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రాం) నడపాలన్నా అంత కావాలి, 8 జీబీతో ఇబ్బంది పడుతుంది.

ఇక్కడ డబ్బు సలహాలిచ్చే నా వృత్తికి దగ్గరగా ఉన్న విషయం ఒకటి ఉంది. ప్రాసెసర్ మార్చడం పెద్ద పని, మెమరీ పెంచడం పది నిమిషాల పని. హెచ్610 బోర్డుల్లో సాధారణంగా మెమరీకి రెండు స్లాట్లు ఉంటాయి. 8 జీబీవి రెండు కొని రెండు స్లాట్లూ నింపే బదులు 16 జీబీది ఒకటే కొని రెండో స్లాట్ ఖాళీగా ఉంచమని నా సలహా. ఒకే స్టిక్‌తో లోపలి గ్రాఫిక్స్ వేగం కొంత తగ్గుతుంది, ఆటలు ఆడేవారికి అది తెలుస్తుంది. ప్రోగ్రాములు రాసే అమ్మాయికి, పాఠాలు చెప్పే మీకు అది పెద్ద నష్టం కాదు. మూడో సంవత్సరంలో నిజంగా అవసరమని తేలితే, అప్పటి జీతంలోంచి ఇంకో 16 జీబీ కొని ఆ స్లాట్‌లో పెట్టుకోవచ్చు. ‘నాలుగేళ్ల దాకా చూసుకోనక్కర్లేదు’ అనే మాటకు నేను ఒప్పుకోనిది ఇందుకే. నాలుగో ఏడాది అవసరానికి ఈ ఏడాది వడ్డీ కట్టనక్కర్లేదు. మెషిన్ లెర్నింగ్ నేర్చుకునే దశకు వచ్చినప్పుడు ఇంటర్నెట్‌లోనే ప్రోగ్రాములు నడిపే గూగుల్ కోలాబ్‌లో ఉచితంగానే జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) దొరుకుతుంది.

మెమరీ ధరలు పెరుగుతున్నాయన్న మాట అబద్ధం కాదు. ఏఐ సర్వర్లకు కావలసిన మెమరీ వైపు తయారీదారులు మొగ్గడంతో 2025 చివరి నుంచి ఇంటి కంప్యూటర్ల మెమరీ బాగా ప్రియమైంది. ఇంకా పెరగవచ్చు కూడా. పెరిగినా, 16 జీబీ స్టిక్ మీద మీరు అదనంగా ఇచ్చేది కొన్ని వేలు. ఆ భయంతో ఈ రోజే సంతకం చేస్తే ఇచ్చేది నేను పైన చెప్పిన రూ.45,500. ఆ సొమ్ముకు మీ పాత మానిటర్, కీబోర్డు అలాగే ఉంచుకుని ఐ5 యంత్రం మొత్తం కొనుక్కునే అవకాశం ఉంది.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. పాత కంప్యూటర్‌కు ఒక సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే నిల్వ పరికరం), ఒక 8 జీబీ డీడీఆర్3 మెమరీ పెట్టించండి. మెమరీ కొత్తది దొరకకపోతే వాడినదైనా పరీక్షించి తీసుకోండి. ఇందుకు రూ.5,000 కేటాయించండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది, కానీ నమోదు చేసుకున్నవారికి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. లేదంటే విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఉబుంటు అనే లినక్స్ వేయించండి, కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లకు లినక్స్ అలవాటు కావడం మంచిదే.

ఇలా చేస్తే మీ ఖాతాలో ఫిబ్రవరి ఖర్చుకు ముందు రూ.43,000 ఉంటుంది. ఏప్రిల్‌కు రూ.70,000, వేసవి కోత తర్వాత జూన్‌కు రూ.54,000, అక్టోబరు ఆఖరుకు రూ.90,000 అవుతుంది. అదే అక్టోబరుతో చిట్టీ పూర్తవుతుంది. కమీషన్ 5 శాతం పోగా రూ.95,000 వస్తే మొత్తం రూ.1,85,000. అప్పుడు రూ.45,000కు మించకుండా యంత్రం కొనండి. నిధిలో రూ.1,40,000 నిలుస్తుంది, అంటే ఐదు నెలలకు పైగా ఖర్చు. చిట్టీ వాయిదా లేదు కాబట్టి నెలకు రూ.14,000 మిగిలి, రెండు నెలల్లో మీ రూ.1,62,000 పూర్తవుతుంది. ఈ సొమ్మును నెలసరి ఖర్చుల ఖాతాలో కలపకుండా, విడిగా, గడువుకు ముందే తీసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి. కంప్యూటర్ కోసం చిట్టీని ముందే పాడుకోవద్దు, పాటలో వదులుకునేది కూడా వడ్డీయే.

మిగిలిన దారుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బంగారం తాకట్టు కంప్యూటర్ కోసం పెట్టవద్దు. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ధరలోనే కలిసి ఉంటుంది, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే వడ్డీ మీద జీఎస్టీ, ఫీజు విడిగా పడతాయి. విద్యారుణంలో కంప్యూటర్ ఖర్చు కలిపే వీలుంది, ఫీజుల కోసం ఎలాగూ రుణం తీసుకోవలసి వస్తే అప్పుడు అడగండి. ఆరోగ్య బీమా గురించి మీరు రాయలేదు. లేకపోతే జూలైలో మిగులు మొదలవగానే కుటుంబానికంతటికీ కలిపి ఒక పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. దాని కోసం కంప్యూటర్ కొనడం ఒకటి రెండు నెలలు వెనక్కి జరిగినా ఫర్వాలేదు.

ఈ జవాబు మీకు చేరేలోగా మీరు యాప్‌లో అంగీకారం తెలిపి ఉంటే, రుణంతో పాటు ఇచ్చిన కీలక సమాచార పత్రాన్ని ఈ రోజే తెరవండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ రుణాల్లో, జరిమానా లేకుండా వెనక్కి తగ్గడానికి కొద్దిపాటి గడువు ఇవ్వాలి. అది ఎన్ని రోజులో ఆ పత్రంలో రాసి ఉంటుంది. ఆ గడువులోగా అసలును, రుణం మీ దగ్గర ఉన్న రోజులకు అయిన వడ్డీని తిరిగి కట్టి, రుణం ముగిసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. షాపులో అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, దానిని ఎస్ఎస్‌డీ, మెమరీ బిల్లులో సర్దమని అడగండి.