క్లాసు చర్చల్లో నోరు పెగలకపోతే ఏం చేయాలి?

డిగ్రీ దాకా లెక్చరర్ చెప్పింది రాసుకోవడమే అలవాటని, ఇప్పుడు పీజీలో చర్చల్లో మాట్లాడితేనే ఇంటర్నల్ మార్కులని, మీకేమో నోరు పెగలడం లేదని రాశారు. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ మొదటి సెమిస్టర్‌లో నాదీ అదే పరిస్థితి.

పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇంటర్‌లో పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్స్ దాకా కూర్చోబెట్టారు గానీ, "నువ్వేమనుకుంటున్నావు?" అని ఒక్కరూ అడగలేదు. సెమినార్ క్లాసులో చెప్పడానికి విషయం లేక కాదు. మాట తెలుగులో పుట్టేది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, గ్రామర్ సరిచూసుకునేలోపు చర్చ ఇంకెక్కడికో వెళ్లిపోయేది. ఆరు వారాలు అలాగే గడిచాయి. ఒక సార్ అందరి ముందూ "వినడానికే వచ్చావా?" అన్నారు. అది ఇప్పటికీ బాధే. అలా అంటే బిడియం పోదు, ఇంకా బిగుసుకుపోతాం.

అంబేడ్కర్ 'కుల నిర్మూలన' చదివిన వారం నేను మొదటిసారి మాట్లాడాను. అది 1936లో లాహోర్‌లో జాత్-పాత్ తోడక్ మండల్ అనే కుల వ్యతిరేక హిందూ సంస్కరణ సంఘం సభ కోసం రాసిన ప్రసంగం. అందులోని కొన్ని మాటలు నిర్వాహకులకు మింగుడుపడక సభే రద్దయింది. ఆయన తన ఖర్చుతోనే దాన్ని అచ్చు వేయించారు. వినాల్సిన సభే జరగనప్పుడు, అందులో 'మీరు' అన్నది ఇప్పుడు ఎవరిని? ఈ ప్రశ్నను ముందురోజు రాత్రే పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసుకున్నాను.

క్లాసు మొదలైన ఐదు నిమిషాలకే చెయ్యెత్తి, ముందు పేజీ నంబరు చెప్పాను. అందరూ తలలు వంచి పేజీలు తిప్పుకున్నారు. ఆ నాలుగు సెకన్లు ఎవరి చూపూ నా మీద లేదు. ఊపిరి పీల్చుకుని, రాసుకున్నది రాసుకున్నట్టే చదివేశాను. అరచేతి చెమటకి సగం అక్షరాలు అలుక్కుపోయాయి. తర్వాత చర్చంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అందుకే అభిప్రాయం కన్నా ప్రశ్న సిద్ధం చేసుకోండి, పేజీ నంబరుతో సహా. మొదట్లోనే అడిగేయండి, ఆగేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. ఇంగ్లీషు మాట తట్టకపోతే తెలుగులోనే అనేయండి, పక్కవాళ్లు అందిస్తారు. నాకు చాలాసార్లు అందించారు.

ఇంకొకటి, టీచర్‌ని విడిగా కలవండి. నేను ఇంకో పేపర్ చెప్పే మేడమ్ గదికి వెళ్లి, "మాట్లాడాలనే ఉంది మేడమ్, కానీ టైమ్ పడుతోంది" అన్నాను. వచ్చే వారం ఏ పేరా మీద నన్ను అడుగుతారో ఆవిడ అప్పుడే చెప్పి, నా పుస్తకంలో టిక్కు పెట్టి ఇచ్చారు.