పగలు ఓర్చుకునే భుజం నొప్పి రాత్రి పడుకోగానే ఎందుకు ఎక్కువవుతుంది?

పడుకున్నప్పుడు భుజం కీలులో వాచిన టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీల) మీద ఒత్తిడి పెరగడం దీనికి ఒక ముఖ్య కారణం. అవి భుజం పై ఎముక కింద ఇరుకు సందులో ఉంటాయి. కూర్చున్నా నిలబడినా చేతి బరువు కిందికి లాగి ఆ సందులో కాస్త చోటిస్తుంది. పడుకుంటే ఆ వెసులుబాటు పోతుంది. నొప్పి ఉన్న పక్కకే తిరిగితే ఒంటి బరువు ఆ భుజం మీదే పడుతుంది.

చిత్తూరులో మామిడికాయల సీజన్‌లో తలకంటే పైకి ఎత్తి లారీకి క్రేట్లు అందించేవాళ్లకు పనిలో ఈ నొప్పి పెద్దగా తెలియదు, నడిరేయి మెలకువ వచ్చేస్తుంది. నొప్పి లేని పక్కకు తిరిగి, ఛాతీ ముందు దిండు పెట్టి దానిపై నొప్పి చెయ్యి ఆనించాలి. వెల్లకిలా అయితే మోచేయి కింద మడిచిన దుప్పటి ఉంచాలి. తల కింద చెయ్యి పెట్టుకోకూడదు (చాలామంది మానలేనిది ఇదే).

'నరం పట్టేసింది' అని చెయ్యి అసలు కదపకపోవడం పొరపాటు. కీలు బిగుసుకుపోతుంది, షుగర్ ఉన్నవాళ్లకు మరీను. ముందుకు వంగి, చెయ్యి వదులుగా వేలాడదీసి, రోజుకు రెండుమూడుసార్లు నిమిషంపాటు మెల్లగా ఊపాలి. రెండుమూడు వారాలకూ తగ్గకపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా ఎముకల డాక్టరుకు చూపించాలి. భుజం నొప్పితోపాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.