ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల ఖర్చు అమెరికాలో ఉన్నవాళ్లకు ఎప్పుడైనా తగిలిందా?

"అమెరికా అన్నేళ్లు బయటి దేశాల్లో యుద్ధాలు చేసింది కదా, అమెరికాలో కాపురం ఉన్నవాళ్లకు ఆ ఖర్చు తెలిసేదా?" అని అడిగారు. నేను 1999 నుంచి ఒహాయోలో, కొలంబస్ దగ్గర ఉంటున్నాను. నిజం చెప్పాలంటే మాకు తగల్లేదు. తగలకుండా చూశారు. నా కోపమంతా అక్కడే.

2003 మార్చిలో ఇరాక్ మీద దాడి మొదలైంది. అదే ఏడాది వేసవిలో మా మెయిల్‌బాక్స్‌లోకి ప్రభుత్వం చెక్కు ఒకటి వచ్చింది. పిల్లలున్న కుటుంబాలకు పన్ను తగ్గించి, ఆ తగ్గింపును ఒక్కో బిడ్డకు 400 డాలర్ల దాకా ముందుగానే పంపేశారు. మాకు ఇద్దరు, 800 వచ్చాయి. యుద్ధం వస్తే ప్రభుత్వం జనాన్ని డబ్బు అడుగుతుందని చదువుకున్నాం గానీ ఇదేమిటి, ఎదురు ఇస్తోంది అని నేనూ మా ఆవిడా నవ్వుకున్నాం. ఆ డబ్బుతో కొత్త టీవీ కొన్నాం. బాగ్దాద్ వార్తలు అందులోనే చూశాం.

వియత్నాం రోజుల్లో ఇలా కాదు. 1968లో అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం ఆదాయపు పన్ను మీద 10 శాతం సర్‌చార్జి వేసింది. కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలోకి తీసుకునే డ్రాఫ్ట్ కూడా ఉండేది. ఇటు జేబుకూ అటు ఇంట్లో కొడుక్కూ ఎసరు వచ్చేసరికి జనం రోడ్ల మీదికి వచ్చారు. డ్రాఫ్ట్ 1973లో ఆగిపోయింది. ఇక బుష్ హయాంలో పన్నులు పెంచకపోగా 2001లో ఒకసారి, 2003లో మళ్లీ తగ్గించారు. యుద్ధం ఖర్చును చాలా ఏళ్లు మామూలు బడ్జెట్లో చూపించకుండా 'అత్యవసరం' పేరుతో విడిగా పాస్ చేయించుకున్నారు. డబ్బంతా అప్పే. చనిపోయిన సైనికుల పేటికలు విమానం దిగుతుంటే ఫొటోలు కూడా తీయనిచ్చేవారు కాదు. 1991లో పెట్టిన ఆ నిషేధం 2009 దాకా నడిచింది.

ముందే లెక్క చెప్పిన మనిషి లేకపోలేదు. బుష్ ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే 2002 సెప్టెంబరులోనే ఇరాక్ యుద్ధానికి 10 వేల కోట్ల నుంచి 20 వేల కోట్ల డాలర్లు కావచ్చన్నారు. అంత అవదని సొంత ప్రభుత్వం వాళ్లే కొట్టిపారేశారు. డిసెంబరుకల్లా ఆయన ఆ పదవిలో లేరు. తీరా చూస్తే ఆయన చెప్పింది చాలా తక్కువ. 2001 తర్వాతి యుద్ధాలన్నిటికీ, ఇకముందు మాజీ సైనికుల వైద్యానికీ పరిహారానికీ అయ్యేది కూడా కలిపి, సుమారు 8 లక్షల కోట్ల డాలర్లని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో అంచనా వేశారు.

అయితే అందరికీ తగలకుండా పోయింది కొందరికి గట్టిగా తగిలింది. మా టీమ్‌లో టెస్టర్ ఒకతను నేషనల్ గార్డ్‌లో, అంటే రాష్ట్రాల పార్ట్‌టైమ్ సైన్యంలో, ఉండేవాడు. నెలకు ఒక వీకెండ్, ఏడాదికి రెండు వారాలు ట్రైనింగ్, బదులుగా కాలేజీ ఫీజుకు సాయం. అంతే అనుకుని చేరాడు. వరదలు, తుపాన్లు వస్తే పిలుస్తారనుకున్నాడు. 2005లో ఇరాక్ పంపారు. అదే ఏడాది ఆగస్టులో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు ఆ ఊరున్న లూసియానా రాష్ట్రపు గార్డ్ సైనికులు వేల మంది ఇరాక్‌లోనే ఉన్నారు.

అతను లేనన్నాళ్లూ ఆ పని మా నలుగురి మీద పడింది. చట్ట ప్రకారం ఉద్యోగం అట్టేపెట్టాలి కాబట్టి కొత్త మనిషిని తీసుకోలేదు. వేళకాని వేళ పిలిచినా పని చూసే ఆన్‌కాల్ డ్యూటీ పెరిగిందని నేను సణుక్కున్న మాట నిజం. ఆ యుద్ధం వల్ల నాకు కలిగిన కష్టం మొత్తం అదే అని ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

తిరిగొచ్చాక చూడటానికి బాగానే ఉన్నాడు. డెస్కు మీద మాత్రం చిన్న ఫ్యాన్ ఒకటి పెట్టుకున్నాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉండేది. డిసెంబరులో, బయట మంచు పడుతుంటే, చలిగా ఉంది కాస్త ఆపుతావా అని అడిగాను. వెంటనే ఆపేశాడు. పావుగంటకి లేచి వచ్చి, "సారీ, అది లేకపోతే నాకు పని సాగదు" అన్నాడు. పేలుళ్ల తర్వాత చెవిలో సన్నగా ఈల వేసినట్టు మోత, ఒక్క క్షణం ఆగదట. ఫ్యాన్ చప్పుడులో అది కాస్త మరుగున పడుతుంది. మర్నాటి నుంచి నేనే స్వెటర్ వేసుకుని వెళ్లాను. మాజీ సైనికులకు పరిహారం వచ్చే సమస్యల్లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్నది ఈ చెవి మోతేనని తర్వాత తెలిసింది.

ఇలాంటి బిల్లు యుద్ధంతో ఆగదు. మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది, ఆ సైనికులకు చెల్లింపులు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది 1969లో. ఆ లెక్కన మా టెస్టర్ వయసు వాళ్ల ఖర్చు ఇంకా పైకి రావాలి.

యుద్ధం వల్ల ఉద్యోగాలు వస్తాయి కదా అని ఎవరో ఒకరు అంటారు. వస్తాయి, కాదనను. మా రాష్ట్రంలోనే లైమాలో ఏబ్రమ్స్ ట్యాంకుల ఫ్యాక్టరీ ఉంది. కానీ 2012లో సైన్యాధిపతి రేమండ్ ఒడియెర్నో స్వయంగా అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ముందుకు వచ్చి మాకు ఇక ఈ ట్యాంకులు అక్కర్లేదన్నా, అది వినకుండా డబ్బు కేటాయించింది. ఉద్యోగాలే కావాలంటే అదే డబ్బుతో వంతెనలు కట్టొచ్చు. ట్యాంకులకు డబ్బు ఇచ్చినవాళ్లలో రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు, అది కూడా చెప్పాలి.

అప్పులన్నీ యుద్ధాలవే అనను, 2008 సంక్షోభం, కోవిడ్, పన్ను తగ్గింపులు అన్నీ ఉన్నాయి. ఏమైతేనేం, 2024లో అమెరికా తన అప్పు మీద కట్టిన వడ్డీ రక్షణ ఖర్చును దాటింది. 2003లో ఎవరి పేరు చెప్పి మాకు 400 డాలర్లు వచ్చాయో, ఆ పెద్దమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. మొదటిసారి సొంతంగా పన్ను రిటర్న్ వేసిన రోజు ఫోన్ చేసి, "నాన్నా, ఇంత కట్ చేస్తారేంటి, ఇదంతా ఎక్కడికి పోతుంది?" అని అడిగింది. ఆ టీవీ సంగతి చెప్పాను. దానికి ఆ టీవీ గుర్తే లేదు, 2011లోనే పాడైతే పారేశాం.