రెప్ప ఆపరేషన్ తర్వాత పిల్లి కంట్లో నీళ్లు ఆగితే

ప్రశ్న: ధాన్యం గోదాములో ఎలుకల కోసం ఏడేళ్లుగా ఒక మగపిల్లిని పెంచుతున్నాం. దాని కుడి కంటి కింది రెప్ప లోపలికి ముడుచుకుపోయి, వెంట్రుకలు గుడ్డుకు గీసుకుంటూ నెలల తరబడి నీళ్లు కారేవి. మూడు వారాల కిందట ఆపరేషన్ చేయించాం. అప్పటి నుంచి నీళ్లు ఆగిపోయాయి. కన్నీటి గ్రంథిని కోసేశారేమోనని టెన్షన్‌గా ఉంది. మందుల షాపులో అడిగితే చుక్కల మందు ఇచ్చారు. రెండు రోజులు ఎరుపు తగ్గింది. ఇప్పుడు కన్ను సగమే తెరుస్తోంది, చిక్కటి పుసి వస్తోంది. చిన్నప్పుడు దీనికి జలుబు చేసి కళ్లు అంటుకుపోయేవి. కన్నీళ్లు మళ్లీ రావాలంటే ఏ మందు వేయాలి?

జవాబు: ముందు ఆ చుక్కల మందు ఆపి, సీసా మీద ఏం రాసుందో చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లలో ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్. రెండు రోజులు ఎరుపు తగ్గి ఆ తర్వాత కన్ను మూతపడిందంటే నా అనుమానం దాని మీదే.

గ్రంథిని కోసేశారన్న మాట మనసులోంచి తీసేయండి. పెద్ద కన్నీటి గ్రంథి కంటికి పైన, బయటి మూల వైపు, ఎముక గూటిలో ఉంటుంది. రెండోది మూడో రెప్ప (పిల్లి కంటి లోపలి మూలన ఉండే అదనపు రెప్ప) అడుగున ఉంటుంది. మీ పిల్లికి చేసే ఆపరేషన్‌లో మామూలుగా కింది రెప్ప అంచుకు సుమారు 2 మిల్లీమీటర్ల దిగువన నెలవంకలా కొంచెం చర్మం తీసి కుట్టేస్తారు. కత్తి ఆ గ్రంథుల దరిదాపులకు కూడా పోదు. నెలల తరబడి కారిన నీళ్లు నొప్పి వల్ల వచ్చినవి. మన కంట్లో నలుసు పడితే కారవూ, అలాంటివే. వెంట్రుకలు గుచ్చుకోవడం ఆగింది, నీళ్లూ ఆగాయి. ఆపరేషన్ చేయించింది అందుకే కదా!

అలాగని రెప్ప ఆపరేషన్‌కూ కన్నీటికీ సంబంధమే లేదని కాదు. మత్తు ఇచ్చిన రోజు కన్నీరు బాగా తగ్గుతుంది, మర్నాటికి కోలుకుంటుంది. అందుకే మత్తులో ఉన్నంతసేపూ కంట్లో ఆయింట్‌మెంట్ పెడతారు. మీకు మూడు వారాలైంది కాబట్టి ఆ లెక్క పోయింది. చర్మం మరీ ఎక్కువ తీసేస్తే రెప్పలు పూర్తిగా కలవవు, అప్పుడు కన్నీరు తయారవుతున్నా గాలికి ఆరిపోతుంది. రెప్ప అంచులోని నూనె గ్రంథులు దెబ్బతిన్నా అంతే. ఇది ఇంట్లోనే చూడవచ్చు. కంటి లోపలి మూల, తర్వాత బయటి మూల వేలితో మెల్లగా తాకండి, రెండుసార్లూ రెప్పలు పూర్తిగా మూసుకోవాలి. తర్వాత ఫోన్ టార్చి పక్కనుంచి వేసి నల్లగుడ్డు మీద వెలుగు చుక్కను గమనించండి. అంచులు తేటగా ఉంటే పైపొర బాగున్నట్టు. చెదిరి, మసకగా కనిపిస్తే పొర ఎండిందో, పుండు పడిందో. గోధుమ రంగు, నలుపు మచ్చ ఉంటే గోటితో గీకకండి. చచ్చిన పొర అది, దాన్ని డాక్టరే తీయాలి.

ఇక అసలు విషయం. మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన చిన్నప్పటి జలుబే నాకు ముఖ్యంగా తోస్తోంది. అది పిల్లుల హెర్పిస్ వైరస్ పని అయి ఉండవచ్చు. ఒకసారి సోకితే నరాల్లో దాక్కుని జీవితాంతం ఉంటుంది. ప్రయాణం, ఆపరేషన్, స్టెరాయిడ్, వీటిలో ఏదైనా దాన్ని మళ్లీ లేపుతుంది. ఒక్క కంటి రెప్పే ముడుచుకుపోయిందంటే, ఆ కన్ను ముందు నుంచే లోపల నొప్పితో బిగుసుకుని ఉండవచ్చు కూడా.

రెండు రోజుల్లోపు డాక్టరుకు చూపించండి. కన్ను పూర్తిగా మూసేసినా, గుడ్డు తెల్లబడినా ఆ రోజే వెళ్లండి. అక్కడ ఏ చుక్కా వేయకముందే షిర్మర్ పట్టీ (కన్నీరు ఎంత వస్తోందో కొలిచే కాగితం పట్టీ) పెట్టించండి, రెండు కళ్లకూ, ఒక్కో నిమిషం. ఆరోగ్యమైన పిల్లిలో సగటున 15 నుంచి 17 మిల్లీమీటర్ల వరకు తడుస్తుంది. కానీ బెదిరిన పిల్లికి 5 లోపు కూడా రావచ్చు. ఆ ఒక్క అంకె చూసి కన్ను ఎండిపోయిందని ముద్ర వేయనివ్వకండి. ఎడమ కంటితో పోల్చమనండి, మరో రోజు మళ్లీ పెట్టమనండి. ఆ తర్వాత ఫ్లోరెసీన్ రంగు వేస్తే, పుండు ఉన్నచోట పచ్చగా మెరుస్తుంది. కంటిపాపను పెద్దది చేసే అట్రోపిన్ మందు ఏమైనా వాడారా అని కూడా అడగండి, అది కన్నీటిని తగ్గిస్తుంది.

అప్పటిదాకా ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు (సోడియం హయాలురొనేట్ గానీ కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ గానీ) ఒక్కో చుక్క, రోజుకు 4 నుంచి 6 సార్లు వేయండి. పుసిని గోరువెచ్చటి నీటిలో తడిపిన దూదితో మెత్తబరిచి తుడవండి, లాగకండి. మెడకు కోన్ తీసేసి ఉంటే మళ్లీ పెట్టండి, లేకపోతే కాలితో గోకి కొత్త గాయం చేసుకుంటుంది. డాక్టరు రెండు రకాల మందులు రాస్తే మధ్యలో 5 నుంచి 10 నిమిషాలు ఆగి, ఆయింట్‌మెంట్‌ను ఆఖరున వేయండి.

మందుల షాపు గురించి ఒక మాట. కౌంటర్ వెనక నిలబడి కంటికి రంగు పరీక్ష చేయలేరు. పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ పడితే నల్లగుడ్డు కరిగి చిల్లు పడవచ్చు. ఎరుపు తగ్గించి మిమ్మల్ని రెండు రోజులు సంతోషపెట్టడం ఆ మందుకు చాలా తేలిక. వైరస్ అన్నానని మళ్లీ అక్కడికే పోయి మనుషుల హెర్పిస్ మాత్రలు అడక్కండి. వాలసైక్లోవిర్ పిల్లి ప్రాణం తీస్తుంది. నొప్పికని పారాసిటమాల్ ఇచ్చినా అంతే, సగం మాత్రయినా సరే. పిల్లికి పనికొచ్చేది ఫామ్‌సైక్లోవిర్, దాని మోతాదు బరువు తూచి డాక్టరే చెప్పాలి.

గోదాములో ఇంకా పిల్లులుంటే వాటికి తిండి, నీళ్ల గిన్నెలు వేరు చేయండి. పిల్లకూనలకు 6 నుంచి 8 వారాల వయసులో టీకా మొదలుపెట్టి, 3 నుంచి 4 వారాలకొకసారి, 16 వారాలు నిండేదాకా వేయించండి. హెర్పిస్ సోకకుండా అది పూర్తిగా ఆపలేదు గానీ, వచ్చినా జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది.