టీ గ్లాసు, హాంకాంగ్ ప్రయాణం

మీ సహోద్యోగి మోర్మన్ అనే క్రైస్తవ సంఘానికి చెందినవారని, ఆఫీసులో టీ కూడా ముట్టరని రాశారు. అది ఆయన ఇష్టమా, సంఘం బలవంతమా, తప్పితే శిక్ష ఉంటుందా అని అడిగారు. నేను హైదరాబాదులో పదహారేళ్లుగా ఈ సంఘంలో ఉన్నాను. నాకు జరిగినదే చెబుతాను.

1833లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మా సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ప్రకటించిన ‘జ్ఞాన వాక్యము’ మద్యం, పొగాకు, ‘వేడి పానీయాలు’ వద్దంటుంది. వేడి పానీయాలంటే టీ, కాఫీ అని సంఘం వివరణ. అందుకే మేము వేడి పాలు తాగుతాం, చల్లటి టీ తాగం. ఇది ఆజ్ఞగానో నిర్బంధంగానో ఇస్తున్నది కాదని మొదట్లోనే రాసి ఉంది. తరువాత, ఇరవయ్యో శతాబ్దంలో, దేవాలయ ప్రవేశానికి దాన్ని పాటించడం ఒక షరతుగా మారింది. మాకు దేవాలయమంటే ఆదివారం ఆరాధన జరిగే చోటు కాదు, ప్రత్యేక విధులు జరిగే మందిరం. టీ తాగినవారిని ఎవరూ వెలివేయరు. ఆదివారం ఆరాధనకు ఎప్పటిలాగే వచ్చి కూర్చోవచ్చు. దేవాలయంలోకి వెళ్లడానికి కావలసిన సిఫారసు పత్రం మాత్రం రాదు.

ఆ పత్రం కోసం మొదట మా స్థానిక సంఘానికి పెద్ద అయిన బిషప్, ఆ తరువాత స్టేక్ (కొన్ని స్థానిక సంఘాల సమూహం) నాయకత్వం మనతో విడిగా మాట్లాడతారు. ఎవరూ వంటగది వెతకరు, దశమభాగం (ఆదాయంలో పదో వంతు కానుక) లెక్క చూడడానికి జీతం చీటీ అడగరు. అడిగిన ప్రశ్నకు మనం చెప్పిందే జవాబు. చివరి ప్రశ్న నాకు అన్నిటికంటే బరువైనది. ప్రభువు మందిరంలో అడుగుపెట్టే యోగ్యత నీకుందని నీవు అనుకుంటున్నావా అని అడుగుతారు.

2018లో మా నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆయన సంఘ సభ్యుడు కాదు. తెల్లవారుజామున అయిదింటికి టీ పెట్టుకోవడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. కుడి చెయ్యి పడిపోయాక గ్లాసు నేనే పట్టి తాగించేవాణ్ని. “ఒక్కడినే తాగబుద్ధి కావడం లేదురా” అన్నారు ఒకరోజు. ఆ రోజు నేనూ తాగాను. మరునాడూ తాగాను. నాలుగు నెలలు అలాగే గడిచింది. నా భార్యకు తెలుసు, ఏమీ అనలేదు.

మరుసటి ఏడాది వేసవిలో మా ఇద్దరి ముద్ర విధి జరగాలి. భార్యాభర్తల బంధం మరణంతో తెగిపోకుండా దేవాలయంలో ముద్ర వేస్తారని మా విశ్వాసం. అప్పటికి మన దేశంలో మాకు దేవాలయం లేదు, హాంకాంగ్ వెళ్లాలి. అందుకోసం రెండేళ్లు డబ్బు దాచాం. బిషప్ ఎదుట కూర్చున్నప్పుడు ‘పాటిస్తున్నాను’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయాను. ఆయన కోప్పడలేదు. మూడు నెలలు నిష్ఠగా ఉండి మళ్లీ రమ్మన్నారు.

మిగతా కుటుంబాలు వెళ్లాయి, మేము ఆగిపోయాం. మా మూడు నెలలు పూర్తయ్యేలోగా, 2019 జూలైలో, ఆ దేవాలయాన్ని మరమ్మతుల కోసం మూసివేశారు. తరువాత కరోనా. చివరకు మేము వెళ్లింది 2023లో. టీ తాగింది నేను, నాలుగేళ్లు ఎదురుచూసింది మాత్రం ఇద్దరం. ‘మీరు అబద్ధం చెప్పి ఉంటే మీ పక్కన మోకరించలేకపోయేదాన్ని’ అని ఆమె ఒకసారి అంది. అలాగని ఆ నాలుగేళ్లు ఆమెను బాధించలేదనుకోకండి. తోటి స్త్రీలు హాంకాంగ్ ఫోటోలు చూపించినప్పుడు ఆమె ముఖం నేను చూశాను.

కాబట్టి బలవంతమా అంటే, కాదు. మెడ మీద చెయ్యి వేసినవారు ఎవరూ లేరు. శిక్ష లేదా అంటే, ఆ పేరుతో లేదు కానీ పోగొట్టుకునేది ఉంది, అది ఇంట్లోవాళ్ల మీద కూడా పడుతుంది. నియమం సరైనదేనా అన్నది వేరే చర్చ. నేను నమ్మాను కనుక పాటిస్తున్నాను. నమ్మకం లేకుండా, మాట పడకూడదని మాత్రమే పాటించి నలిగిపోయినవారూ నాకు తెలుసు. వారిని చూస్తే నాకు నిజంగా దిగులేస్తుంది.

బిషప్‌తో మాట్లాడి వచ్చిన రాత్రే నాన్నకు సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. మరునాడు తెల్లవారుజామున, “నీకు రాగి జావ కాచుకో, నాకు టీ పెట్టు, ఇద్దరం కలిసే తాగుదాం” అన్నారు. ఆయన పోయేదాకా అలాగే తాగాం.