వాట్సాప్ మీద పీహెచ్‌డీ అంటున్నారుగా, ముందు నా ప్రశ్నావళి కథ వినండి

ఎమ్మే సోషియాలజీ అయిపోయింది, ‘గ్రామీణ యువతపై సోషల్ మీడియా ప్రభావం’ అని సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) రాస్తున్నాను, ఐదు వందల మందికి గూగుల్ ఫారం పంపితే సరిపోతుందా అని మీరు రాసి అడిగారు. సరిపోదు. సరిపోతుందని చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు, డిగ్రీ కూడా వచ్చేస్తుంది, అది వేరే సంగతి. నేనూ ఇలాంటి టైటిల్‌తోనే మొదలుపెట్టాను. నాది ‘యువత’ బదులు ‘మహిళలు’, అంతే తేడా.

నా ప్రశ్నావళిలో 64 ప్రశ్నలు. హైదరాబాద్‌లో కూర్చుని, పాత థీసిస్‌లు నాలుగు ముందు పెట్టుకుని తయారుచేశాను. 2021 చివర్లో నారాయణపేట వైపు ఒక ఊరికి వెళ్లాను. మొదటి ప్రశ్నే ‘రోజుకు ఎంతసేపు ఫోన్ వాడతారు?’ ఒక ఇంట్లో కోడల్ని అడిగితే పక్కనే బియ్యం ఏరుతున్న అత్తగారి వైపు ఒకసారి చూసి ‘అర్ధగంట’ అంది. రాసుకున్నాను. పక్కింట్లోనూ అర్ధగంటే. ఆ వీధి మొత్తం అర్ధగంటే! నాలుగో రోజు కొంచెం చనువు కుదిరాక, ఆమె ఫోన్ సెట్టింగుల్లో వాడకం సమయం లెక్కచెప్పే డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి చూపించమని అడిగాను. 4 గంటల 50 నిమిషాలు. అబద్ధం దొరికిందని లోపల్లోపల సంబరపడ్డాను కూడా, ఒప్పుకోవాలి. తీరా అడిగితే ఆ ఫోన్ ముగ్గురిది. పొద్దున పిల్లాడి యూట్యూబు, రాత్రి భర్త రీల్స్, మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే టైములో ఈమెకు దొరికేది నిజంగానే అర్ధగంటో ముప్పావుగంటో. అంటే ఆమె చెప్పిందే నిజం, ఫోన్ చెప్పింది ఆమె గురించి కాదు. ఆ లెక్క నమ్మి నేను ఆమెను ‘అధిక వినియోగం’ గడిలో వేసేసేదాన్ని.

ఇంకో ఇంట్లో ఒక ముసలవ్వ. ‘నాకు గవన్నీ తెల్వదు బిడ్డా, సదువు రాదు’ అంది. ‘వాడరు’ అని టిక్కు పెట్టి లేచాను. చీకటి పడ్డాక అదే వీధిలోంచి వస్తుంటే ఆమె అరుగు మీద కూర్చుని ఉంది, మనవడు ఫోన్ పట్టుకుని ముంబైలో బిల్డింగు పనికి పోయిన ఆమె కొడుకు వాయిస్ మెసేజ్ వినిపిస్తున్నాడు. మూడుసార్లు పెట్టించుకుంది. తర్వాత ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని కొడుకును తిట్టింది, తిన్నావా అని అడిగింది, ఎరువుల డబ్బులు పంపమంది. అది అయ్యాక మనవడు ఊరి గ్రూపులో వచ్చినవి కూడా ఒక్కొక్కటే వినిపించాడు. పొద్దున బోరింగ్ (చేతిపంపు) దగ్గర ఆ ముచ్చట్లు నలుగురికీ చేరవేసేది ఈమే. నా ఫారంలో మాత్రం ఈమెకూ వాట్సాప్‌కూ సంబంధం లేదు. ఆ రాత్రి రూముకెళ్లి అప్పటిదాకా నింపిన 110 ఫారాలను చూస్తే ఏడుపొచ్చినంత పనైంది.

మీ సినాప్సిస్‌లో ‘ప్రభావం’ అనే మాటతో అసలు చిక్కు ఇదే. ఎవరి మీద, ఎంత వాడితే అనేది తేలకుండా ప్రభావం ఎలా లెక్కేస్తారు? పెద్ద పెద్ద డేటాలతో చేసినవాళ్లకే ఇది అంత సులువుగా లొంగలేదు. 2019లో ఏమీ ఆర్బెన్, ఆండ్రూ ప్షిబిల్‌స్కీ అనే ఇద్దరు బ్రిటన్, అమెరికాల్లో 3,55,358 మంది టీనేజర్ల సర్వే డేటా తీసుకుని చూస్తే, పిల్లల మానసిక స్థితిలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకానికి ముడిపెట్టగలిగింది మహా అయితే 0.4 శాతం. అదే డేటాలో బంగాళాదుంపలు తినడానికీ దాదాపు అంతే చెడ్డ సంబంధం కనిపించింది, కళ్లద్దాలు పెట్టుకోవడానికైతే ఇంకాస్త ఎక్కువే! దీన్ని బట్టి ఫోన్ వల్ల నష్టం లేదని నేను అనను. అందరినీ ఒక సగటులో కలిపేస్తే ఎవరికి నష్టం, ఎవరికి లాభం అన్నది అందులో కరిగిపోతుంది. పైగా ఆ గంటల లెక్క కూడా పిల్లలు నోటితో చెప్పిందే, మా వీధి అర్ధగంటల్లాగే.

పుకార్ల మీద చేస్తానని కూడా రాశారు కాబట్టి అది చెబుతాను. నేను వెళ్లేనాటికి కూడా ఆ చుట్టుపక్కల ఊళ్లలో 2018 నాటి భయం గురించి మాట్లాడుకునేవారు. పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది అని వాయిస్ మెసేజ్‌లు, ఎక్కడివో వీడియోలు. ఆ మే నెలలో తెలంగాణలో కొన్నిచోట్ల ఈ అనుమానంతోనే అమాయకుల్ని కొట్టి చంపారు. జోగులాంబ గద్వాలలో అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును పెట్టి, కానిస్టేబుళ్లను ఇంటింటికీ పంపి, డప్పులతో, జానపద పాటలతో ఇవి ఉత్త పుకార్లని చెప్పించారు. జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. మా గైడ్ ఈ రెండోదాని మీద ఒక చాప్టర్ రాయమన్నారు, డేటా దొరుకుతుందని. నాకు మాత్రం డప్పు మీదే ఆసక్తి, ఎందుకంటే ఆ ముసలవ్వకు ఫార్వర్డ్ బటన్ లేదు, ఐదు పరిమితీ లేదు, ఆమెకు బోరింగ్ ఉంది.

అయితే మనిషి ఎదురుగా కూర్చుని చెబితే అంతా సర్దుకుంటుందనీ అనుకోకండి. సుమిత్ర బద్రీనాథన్ అనే పరిశోధకురాలు 2019 ఎన్నికలప్పుడు బిహార్‌లో 1,224 మందితో ఒక ప్రయోగం చేసింది. కొందరి ఇళ్లకు మనుషులు వెళ్లి, తప్పుడు వార్తల్ని ఎలా పసిగట్టాలో దాదాపు గంటసేపు నేర్పించారు. మొత్తం మీద చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గద్వాలలో చేసింది పోలీసు పని, ఇది ప్రయోగం. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇది గెలిచింది అది ఓడింది అనడం తప్పు. కానీ ఎన్నికల అబద్ధం వేరు, పిల్లల దొంగ భయం వేరు అనేది నాకు ఊళ్లో కూర్చున్నాకే అర్థమైంది. మొదటిది నమ్మేవాళ్లు తమవాళ్ల వైపు నిలబడుతున్నారు, రెండోది నమ్మేవాళ్లు తలుపు గడియ పెట్టుకుంటున్నారు. మీ టాపిక్‌లో ఈ రెండింటినీ ‘ఫేక్ న్యూస్’ అని ఒకే మూటలో కట్టకండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు. ఊరి గ్రూపులో నన్ను చేర్చమని అడ్మిన్‌ను అడిగితే చేర్చాడు, పరిశోధన కోసమని కూడా చెప్పాను, సంతకం పెట్టాడు, ఎథిక్స్ కమిటీ కాగితం ఫైల్లో భద్రంగా ఉంది. గ్రూపులో ఇంకో 180 మంది ఉన్నారు. వాళ్లలో ఎవరినీ అడగలేదు. రెండు నెలలు స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను. ఒకరోజు కిరాణా షాపు ముందు ఒకాయన నిలదీశాడు: ‘మా ముచ్చట్లన్నీ రాసుకపోతున్నవంట గదా, మమ్మల్ని ఎవలన్న అడిగిన్రా?’ నా దగ్గర జవాబు లేదు. సిగ్గుచేటు ఏంటంటే అప్పటికి నా లిటరేచర్ రివ్యూలో (పాత పరిశోధనల సమీక్షలో) 2014లో వచ్చిన ఫేస్‌బుక్ ప్రయోగాన్ని ఏకిపారేశాను. 6,89,003 మంది న్యూస్ ఫీడ్లలో సంతోషపు పోస్టులో బాధ పోస్టులో తగ్గించి, వాళ్ల మూడ్ మారుతుందా అని చూసిన ప్రయోగం అది, వాళ్లనెవరినీ విడిగా అడగకుండానే చేశారు. మూడు పేజీలు నీతులు రాసి, నేను ఊళ్లో చిన్న సైజులో చేసింది అదే జాతి పని. స్క్రీన్‌షాట్లన్నీ డిలీట్ చేశాను, గ్రూపులో చెప్పి బయటికొచ్చాను. ఆ చాప్టర్ పోయింది, ఆర్నెల్లు పోయాయి, టెన్షన్‌తో నాలుగు కిలోలు కూడా పోయాయి. వింత ఏంటంటే, తర్వాత ఆ నిలదీసినాయనే తన ఫోన్ తెచ్చి పక్కన కూర్చుని ఏది ఎవరు ఎందుకు పంపారో తనే చెప్పాడు. నా థీసిస్‌లో పనికొచ్చే పేజీలు చాలావరకు అవే.

డేటా ఎక్కడినుంచైనా దించుకోవచ్చులే అనుకుంటే ఆ రోజులు పోయాయి. పరిశోధకులు ఉచితంగా వాడుకున్న ట్విట్టర్ ఏపీఐ (పోస్టులను మూకుమ్మడిగా దించుకునే దారి) 2023లో మూతపడింది. ఫేస్‌బుక్ పేజీలను చూడటానికి వాడే క్రౌడ్‌టాంగిల్‌ను 2024 ఆగస్టు 14న మూసేశారు. ఐరోపాలో పరిశోధకులు పెద్ద ప్లాట్‌ఫామ్‌ల నుంచి డేటా అడగడానికి చట్టంలో దారి పెట్టారు, మనకు అలాంటిది లేదు. వాట్సాప్ సంగతి సరేసరి, 2016 నుంచి అంతా ఎన్‌క్రిప్షనే, మనిషి ఫోన్ తెరిచి ఇస్తే తప్ప కనిపించదు. దొరికినా సాఫ్ట్‌వేర్‌తో పని కాదు. ఆ ఊరివాళ్లు ‘లేదు’ అనే ఒక్క మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో ఆరు రకాలుగా రాశారు, మధ్యలో కన్నడం కలుస్తుంది, సగం వాయిస్ మెసేజ్‌లు. తెలుగు లిపి కోసం వెతికితే పండగ శుభాకాంక్షల బొమ్మలే మిగిలాయి.

అందుకని ఆ ఐదు వందలు వదిలేయండి. ఇరవై ఇళ్లు తీసుకోండి, ఒకే ఫోన్ ఇంటిల్లిపాదీ వాడే ఇళ్లయితే మరీ మంచిది, ఆ ఫోన్ పొద్దుటి నుంచి రాత్రిదాకా ఎవరెవరి చేతుల్లోకి పోతుందో చూడండి. కమిటీలో ఎవరో ఒకరు ‘శాంపిల్ సైజు ఎంత?’ అని తప్పకుండా అడుగుతారు. శ్రీరామ్ వెంకట్రామన్ అనే మానవశాస్త్రవేత్త చెన్నై దగ్గరి పల్లెల్లో సోషల్ మీడియా వాడకం మీద 15 నెలలు ఉండి చేసిన పని చూపించండి, ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అంకెలు కావాలని ఇంకా పట్టుబడితే చివర్లో ఒక చిన్న సర్వే పెట్టండి, అప్పటికి ఏం అడగాలో మీకే తెలుస్తుంది. నేను రెండోసారి రాసిన ఫారంలో 11 ప్రశ్నలే ఉన్నాయి. మొదటిది ‘ఈ ఫోన్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?’

మీ సొంత ఊళ్లోనే చేస్తారా అన్నది మీరు రాయలేదు. సొంత ఊరైతే వద్దనే అంటాను, మీరు ఎవరి పిల్లలో తెలిసినవాళ్లు రాత్రి పదకొండింటికి ఏం చూస్తారో మీకు చెప్పరు. పక్క మండలానికి పోండి, బస్సు ఉన్న ఊరు చూసుకోండి. గంట రికార్డింగ్ రాసుకోవడానికి నాకు ఆరు గంటలు పట్టేది, ఫెలోషిప్ లెక్క వేసుకునేటప్పుడు అదీ కలుపుకోండి.